వస్తానంటే వచ్చినట్టే

మునుకుర్తి దివాణం హోటల్లో గది ఖాళీ చేసి వెళ్ళే మనిషి గుమ్మం దగ్గర 'వస్తానండీ' అన్నాడంటే వచ్చినట్టే. గడప అవతల పెట్టిన కాలు గడప ఇవతలే పడుతుంది. ఇది హోటల్ వాళ్ళు పెట్టిన నిబంధన కాదు, కట్టడంతో పాటు సంక్రమించింది. మొదటిసారి ఇలా అయినవాళ్ళు కొంచెం తడబడతారు కాబట్టి గడపకి లోపలివైపు మెత్తటి తివాచీ పరిపించారు. వెళ్ళబోయి వచ్చినవాళ్ళకి కూడా కొత్తగా వచ్చినవాళ్ళకి చేసే మర్యాదలన్నీ చేస్తారు. చల్లటి తువ్వాలు ఇస్తారు, వెండి గ్లాసులో బొండం నీళ్ళు ఇస్తారు, మెడలో బంతిపూల దండ వేస్తారు. ఒకే మనిషి పూటకి ఎన్నిసార్లు వచ్చినా ఈ వరసలో ఏదీ తగ్గదు.

పంపన బుల్లెబ్బాయి మెడలో ఆ ఉదయం టిఫిను వేళకే మూడు దండలు పడ్డాయి.

బుల్లెబ్బాయి రావులపాలెం బస్టాండులో కంట్రోలరుగా చేసి మొన్ననే రిటైరయ్యాడు. ఉద్యోగం పొడుగునా ఆయన చేసిన పని ఏమిటంటే, కిటికీ వెనక కూర్చుని అడిగినవాళ్ళందరికీ 'వస్తుందండీ, వస్తుంది' అని చెప్పడం. బస్సు వేళ తప్పేది గాని ఆ మాట ఏనాడూ వేళ తప్పలేదు. తోటివాళ్ళు తలా కొంత వేసుకుని, ఆలుమగలిద్దరూ ఒక్కరోజు జమీందార్లలా ఉండి రండని ఈ హోటల్లో గది తీసి ఇచ్చారు. తీరా ఆ రోజు దగ్గర పడేసరికి బుల్లెబ్బాయి అక్క మంగతాయారుకి గుండె ఆపరేషనని కాకినాడలో ఆసుపత్రిలో చేర్చారు. గది తేదీ మార్చడం కుదరదన్నారు హోటల్ వాళ్ళు. బుల్లెబ్బాయి భార్య అనసూయ వదినగారి మంచం దగ్గర ఉండిపోయింది. ఆపరేషను ఎల్లుండి కదా, హోటలు దారిలోనే కదా, అంత మంచి గది ఉత్తపుణ్యాన వదులుకోవడం దేనికని బుల్లెబ్బాయి ఒక్కడూ వచ్చాడు. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే పందిరిమంచం మీద ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాడు.

బుల్లెబ్బాయికి తల్లి మొహం జ్ఞాపకం లేదు. ఆకలేసినప్పుడు అన్నం కలిపి పెట్టిన చెయ్యి, జ్వరం వస్తే నుదుటి మీద పడిన చెయ్యి, బళ్ళో మేష్టారు కొడితే ఆ మేష్టారి ఇంటిమీదికి వెళ్ళిన గొంతు, అన్నీ అక్కవే. ఆ అక్క ఆసుపత్రిలో మంచం మీంచి ఒక్కటే అడిగింది. "నన్ను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండాల్రా. నిన్ను చూసే వెళ్తాను." అందుకు ఈయన 'సరే' అన్నాడు. కాబట్టి తెల్లారాక సంచీ సర్దుకుని కిందికి దిగాడు.

గుమ్మం దగ్గర జరీ తలపాగా పెట్టుకుని నిలబడే ఏసుపాదం వంగి దణ్ణం పెట్టాడు. "వెళ్ళొస్తారాండి?"

"ఆఁ, వస్తానండి" అన్నాడు బుల్లెబ్బాయి. గడప దాటాడు. ఎదురుగా వీధి ఉండవలసిన చోట హాలు ఉంది. హాల్లో కాగడా దీపాలు, చిరుతపులి తల, దండ పట్టుకుని నవ్వుతూ ఒకమ్మాయి. తనే పరధ్యానంలో వెనక్కి తిరిగాడనుకుని, రెండోసారి కాళ్ళవంక చూసుకుంటూ దాటాడు. మూడోసారి వెనక్కి నడుస్తూ దాటాడు. అయినా లోపలికే వచ్చాడు. ఆ అమ్మాయి వెనక నుంచి వేసింది గనక ఈసారి దండ మాత్రం వీపున వేళ్ళాడింది.

అప్పుడు ఆయన్ని మర్యాదగా అతిథి అనుభవ విభాగానికి తీసుకెళ్ళారు. అది ఒకప్పుడు జమీందారుగారి ఏనుగుల లెక్కలు చూసే గది. అక్కడ సౌదామిని అనే అధికారిణి పట్టుచీరలో కూర్చుని ఉంది. పట్టుచీర కూడా ఆ విభాగానికి ఇచ్చిన యూనిఫారమే.

"మీ తప్పేం లేదండి" అంది సౌదామిని. "మీరు వస్తానన్నారు. వచ్చారు."

"వెళ్తున్నానని అర్థమండి అది."

"వస్తానంటే వెళ్తున్నానని అర్థం ఎలా అవుతుందండి?"

బుల్లెబ్బాయి ఆలోచించాడు. పుట్టి బుద్ధెరిగాక ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. "అందరూ అలాగే అంటారు కదండి" అన్నాడు.

"అందుకేనండి, మాకు గదులు ఖాళీ ఉండవు."

సౌదామిని విషయమంతా విడమర్చి చెప్పింది. దివాణంలో ఆఖరి జమీందారు ఏదో వ్యాజ్యం పనిమీద మద్రాసు వెళ్తూ, ఈ గడప మీదే నిలబడి తల్లికి 'వస్తానమ్మా' అని చెప్పాడు. రాలేదు. ఆ తల్లి గడప పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చుంది. ఆవిడ కన్నుమూశాక గడపకి ఈ అలవాటు పట్టుకుంది. తరవాత కట్టడాన్ని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. చేర్చాక గోడకి మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి, గడప అలవాటు మాన్పించాలన్నా కావాలి. మినహాయింపు ఇవ్వచ్చో లేదో పరిశీలించడానికి ఒక సంఘం కూడా వచ్చింది. అంతా చూసి, కాఫీలు తాగి, వెళ్ళేముందు సంఘం అధ్యక్షుడు 'మళ్ళీ వస్తాం' అన్నాడు. ప్రస్తుతం సంఘమంతా మేడమీద తూర్పువైపు గదుల్లో ఉంది. నివేదిక దాదాపు పూర్తయిందట.

"తేదీ వేసి చెప్తే సరిపోదాండి? వచ్చే ఏడు వస్తానని?"

"చెప్పొచ్చండి. మనవాళ్ళు చెప్పే తేదీని ఈ గడప ఎప్పుడూ లెక్కపెట్టలేదు. వస్తానన్నది ఒక్కటే పట్టుకుంటుంది."

"పోనీ, వెళ్తున్నానని ఊరుకుంటేనో?"

"ప్రయత్నించండి" అంది సౌదామిని. ఆవిడ గొంతులో వెటకారం ఏమీ లేదు.

బుల్లెబ్బాయి ప్రయత్నించాడు. గుమ్మం దగ్గర నిలబడి, "నేను వెళ్తున్నానండి" అన్నాడు. ఏసుపాదం మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఆయ్, అదేం మాటండి బాబూ. వెళ్తున్నాననకూడదండి, వెళ్ళొస్తాననాలండి" అన్నాడు. "ఆఁ, అదే, వెళ్ళొస్తాను" అన్నాడు బుల్లెబ్బాయి, నాలిక కరుచుకునే లోపలే. ఏసుపాదం మనసులో ఏ కుళ్ళూ లేదు. గుమ్మం దాటే మనిషి అశుభం పలికితే దిద్దకుండా ఊరుకోవడం వాళ్ళ ఇంటా వంటా లేదు. అలా దిద్దితే దిద్దుకోకుండా వెళ్ళగలిగిన తెలుగువాడు ఇంతవరకు ఈ హోటల్లో దిగలేదు.

వెళ్ళొస్తాను అన్నవాళ్ళకి ఉన్న సదుపాయం ఏమిటంటే, వాళ్ళు వీధి చివర టీకొట్టు దాకా వెళ్ళగలరు. బుల్లెబ్బాయి ఎండలోకి వచ్చి, గబగబా నడిచి, ఇంక ఫరవాలేదు అనుకుని టీ చెప్పాడు. సగం తాగాడో లేదో కాళ్ళు వాటంతటవే తిరిగాయి. టీకొట్టతను తొందరపడకుండా చెయ్యి చాపాడు. "గ్లాసు ఇలా ఇచ్చెయ్యండి, తిరుగుతున్నారు" అన్నాడు. పాపం, అతనికి అలవాటే. దివాణం మెట్లెక్కుతుంటే ఏసుపాదం చెయ్యెత్తి పలకరించాడు, పై ఊరినుంచి వచ్చే అల్లుణ్ణి పలకరించినంత ఆప్యాయంగా.

తెల్లవాళ్ళు 'బై' అనేసి చక్కగా వెళ్ళిపోతారని విని బుల్లెబ్బాయి అదీ చేశాడు. బై అని చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి దించకముందే, అంత ముక్తసరిగా వెళ్ళిపోతే బాగుండదని నోరు తనంతట తనే "మరి వస్తానండి" అని కలిపింది. తరవాత మాట్లాడకుండా వెళ్దామని పళ్ళు బిగించుకుని బయల్దేరాడు. ఏసుపాదం "కాఫీ తాగారాండి?" అన్నాడు. "తాగానండి." "మళ్ళీ ఎప్పుడండి?" "వస్తాలెండి." ఆ రోజుకి బంతిపూలు నిండుకున్నాయి గనక ఆ దఫా చామంతి దండ వేశారు.

మధ్యలో అనసూయ ఫోను చేసింది. ఎక్కడిదాకా వచ్చారని అడిగింది. ఇక్కడి సంగతి ఎలా చెప్పాలో తెలీక బుల్లెబ్బాయి చెప్పీ చెప్పనట్టు, చిన్న పని తగిలింది, సాయంత్రానికల్లా తెమిలిపోతుంది అన్నాడు. అక్క ఎలా ఉందంటే, మీకోసమే అడుగుతున్నారంది. "సరే, ఉంటా మరి" అని పెట్టేశాడు. వెనక్కి తిరిగేసరికి గదిలో ఇద్దరు మనుషులు దుప్పట్లు మారుస్తున్నారు. బల్లమీద కొత్తగా పళ్ళ బుట్ట, దానిమీద 'మీరు ఉంటున్నందుకు మాకెంతో ఆనందం' అని చీటీ.

బుల్లెబ్బాయి మళ్ళీ సౌదామిని దగ్గరికి పరుగెత్తాడు.

"ఫోన్లో ఉంటానన్నారు కదండి" అంది ఆవిడ. "పాతకాలం గోడలండి, దళసరివి. ఎవరేమన్నా వింటాయి."

"అది ఫోను పెట్టేస్తున్నానని చెప్పడమండి."

"పెట్టేస్తున్నానని చెప్పడానికి ఉంటానంటారా?"

"అంటామండి" అన్నాడు బుల్లెబ్బాయి. తనమీద తనకే అనుమానం వచ్చింది. వెళ్ళేటప్పుడు వస్తానంటాం. మాట ఆపేసేటప్పుడు ఉంటానంటాం. ఇన్నాళ్ళూ ఎదటివాడికి ఏం అర్థమైందో, తను ఏం అనుకుని అన్నాడో ఆయనకి అంతా అయోమయంగా తోచింది. "మరి ఇక్కణ్ణుంచి బయటపడే మాటేదీ లేదాండి?"

"ఒకటి ఉందండి." సౌదామిని లేచి కిటికీ రెక్క వేసి వచ్చింది. "మా నోటితో అనకూడదు. మొదటి అక్షరం మటుకు చెప్తాను. పో."

బుల్లెబ్బాయికి అర్థమైంది.

"ఆ మాట అంటే ఏసుపాదం చెవులు మూసుకుంటాడు. చెవులు మూసుకున్నవాడు దిద్దలేడు. గడప కూడా ఆపదండి. ఒకాయన అలా అన్నాడు."

"తరవాత ఏమైందండి ఆయనకి?"

"మాకెలా తెలుస్తుందండి. అలా అన్నవాళ్ళు మళ్ళీ వచ్చి చెప్పరు కదా." ఆవిడ చేతిలోని పలక లాంటి యంత్రాన్ని ముందుకి జరిపింది. "ఈలోగా మీ బస అనుభవం ఎలా ఉందో చెప్తే మాకు ఉపయోగపడుతుంది."

"అయోమయంగా ఉందండి."

"అయిదు నక్షత్రాలు" అని నొక్కింది సౌదామిని. అతిథుల్లో ఎక్కువమంది ఆ మాటే చెప్పడంతో, అయోమయాన్ని హోటల్ వాళ్ళు ప్రకటనల్లో కూడా వేసుకుంటున్నారు.

మధ్యాహ్నం భోజనం దర్బారు హాల్లో. పనసపొట్టు కూర, పులస పేరు పెట్టుకున్న మామూలు చేప, ముద్దపప్పు, అరిటాకంత వెండి కంచం. బుల్లెబ్బాయి పక్కన కొండబాబు అనే ప్లంబరు కూర్చున్నాడు. ఆయన కుళాయి బాగుచెయ్యడానికి వచ్చి, "వాషరు కొనుక్కుని ఇప్పుడే వస్తానండి" అని బయల్దేరాడు. అన్నట్టే ఇప్పుడే వచ్చాడు. వాషరు రాలేదు. అందుకని మేడమీద కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది. "ఆయ్, జిల్లా మొత్తానికి చెప్పిన మాట ప్రకారం వచ్చే ప్లంబర్ని నేనొక్కణ్ణేనండి" అన్నాడు కొండబాబు, పప్పులో నెయ్యి వేయించుకుంటూ. అందులో గర్వమే తప్ప బాధేమీ వినపడలేదు.

దర్బారు హాలు గుమ్మంలోంచి ఒక పెద్దమనిషి లోపలికి రావడం, దండ వేయించుకోవడం, నమస్కారం పెట్టడం, కాసేపటికి మళ్ళీ లోపలికి రావడం కనిపిస్తోంది. ఈతకొలను ప్రారంభించడానికి వచ్చిన ప్రజాప్రతినిధి ఆయన. ఉపన్యాసం చివర 'మీ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తాను' అన్నాడు. అప్పట్నుంచీ వస్తూనే ఉన్నాడు. ఆయన గెలిచిన ఊళ్ళలో ఆయన కనపడటం లేదని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. వాళ్ళకి తేడా తెలియలేదు.

ఎదురు బల్ల దగ్గర రాజ్యం అనే ఆవిడ భర్తకి వడ్డిస్తోంది. కొవ్వూరు నుంచి వచ్చారు. బుల్లెబ్బాయి ఎన్నాళ్ళయిందని పలకరిస్తే ఆవిడే చెప్పుకొచ్చింది. "బయట ఉన్నన్నాళ్ళూ మా ఆయన పొద్దున్నే వస్తానని వెళ్తే మూడోనాడు వచ్చేవారండి. ఎక్కడికెళ్ళారంటే చెప్పేవారు కాదు. ఇక్కడ వస్తాననగానే వస్తున్నారు. నాకిక్కడే బాగుందండి." భర్త తలెత్తలేదు. చేపలో ముళ్ళు ఏరుకుంటున్నాడు. ఆవిడ మొహంలో ఉన్న నిశ్చింత చూస్తే బుల్లెబ్బాయికి అసూయ కలిగింది. ఎందుకు కలిగిందో ఆయనకి తెలియలేదు.

పొద్దు వాలుతుండగా ఈసారి మంగతాయారే ఫోను చేసింది. "ఏరా, ఎక్కడున్నావు? పొద్దున్నే తీసుకెళ్ళిపోతారంట. డాక్టరుగారు ఇందాకే చెప్పి వెళ్ళారు."

"వచ్చేస్తానక్కా."

అనగానే తలుపు తట్టారు. దండ తెచ్చారు. బుల్లెబ్బాయి ఫోను చెవికి పెట్టుకునే తల వంచాడు.

"అదేంట్రా ఆ చప్పుడు?"

"ఏం లేదక్కా. పువ్వులు."

"భయమేస్తోందిరా" అంది మంగతాయారు. ఆవిడ నోట ఆ మాట రావడం బుల్లెబ్బాయి మునుపెన్నడూ వినలేదు. "నాకేమైనా అయితే అనసూయ చేత ముందు అన్నం తినిపించు, అది నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు. సరే, ఉంటాన్రా."

ఫోను ఆగిపోయింది. అక్క ఉంటానంది. బుల్లెబ్బాయి మంచం మీద కూర్చుని ఆ మాటనే పట్టుకున్నాడు. ఉంటానందంటే ఉన్నట్టే కదా. సౌదామినిని వెతుక్కుంటూ వెళ్ళి, కాకినాడ ఆసుపత్రిలో మంచం మీద ఉన్న మనిషి ఫోన్లో ఇక్కడికి ఉంటానంటే అది చెల్లుతుందా అని అడిగాడు. ఆ రోజంతటిలో ఆవిడ జవాబు వెతుక్కోవడం అదొక్కసారే.

"మా పరిధి గడపవరకేనండి" అంది చివరికి.

బుల్లెబ్బాయి గదికి తిరిగొచ్చి అనసూయకి ఫోను చేసి, ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అనసూయ నమ్మింది. మంచి హోటళ్ళలో ఇలాంటివి ఉంటాయని ఆవిడ వింది. ఒప్పుకోలేకపోయిందల్లా ఆఖరి సంగతే. "ఆ మాట మాత్రం అనకండి" అంది. "రేపు ఆవిడకి ఆపరేషను పెట్టుకుని, తోడబుట్టినవాడు గుమ్మంలో నిలబడి అలాంటి మాట అంటాడాండి? ఏదైనా అయితే జన్మంతా ఆ మాటే మిగుల్తుంది."

"అనకపోతే రాలేను."

"రాకపోతే ఆవిడ లోపలికి వెళ్ళరు."

బుల్లెబ్బాయి ఉంటానని అనకుండానే ఫోను పెట్టేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలా పెట్టెయ్యడం అదే మొదలు, దానికే ఆయనకి కళ్ళు చెమర్చాయి.

మర్నాడు ఎండెక్కకముందే తయారయ్యాడు. స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి ఆ మాట అనబోయాడు. 'పో' దాకా వచ్చి ఆగాడు. పోపు అని సర్దుకున్నాడు. మళ్ళీ ప్రయత్నిస్తే పోస్టాఫీసు అయింది. తన అక్క తనకి ముందు మాటలు నేర్పింది గాని, ఏ మాటలు అనకూడదో అంతకంటే ముందు నేర్పింది. అద్దంలో మనిషిని చూసి తిట్టుకుని కిందికి దిగాడు.

"వెళ్ళొస్తారాండి?" అన్నాడు ఏసుపాదం, ఎప్పటిలాగే వంగి.

బుల్లెబ్బాయి సంచీ రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఏసుపాదం కళ్ళలోకి చూడలేక ఆయన తలపాగా చూస్తూ, "పోతున్నానండి" అన్నాడు.

ఏసుపాదం చెవులు మూసుకున్నాడు. హాల్లో గలగల ఆగిపోయింది. దండ పట్టుకున్న అమ్మాయి దండ కిందికి దించింది. ఎవరో దీపం వెలిగించి గోడవారగా పెట్టారు. మొన్న బుల్లెబ్బాయి దిగిన రోజున జమీందారు వేషం వేయించి తీసిన ఫోటో ఉంటే, దాన్ని తెచ్చి దీపం వెనక నిలబెట్టారు. చేతిలో ఉన్న దండ ఆ ఫోటోకి వేశారు. ఈ ఏర్పాట్లన్నీ చాలా నేర్పుగా, ఒకరికొకరు అడ్డం రాకుండా జరిగిపోయాయి. సౌదామిని వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

"మంచి మనిషండి" అన్నాడు ఏసుపాదం, చెవులమీంచి చేతులు తీసి కళ్ళు తుడుచుకుంటూ. "నోట్లో నాలిక లేనట్టుండేవారు. కాఫీలో పంచదార కూడా తక్కువ వేసుకునేవారండి."

"నేనిక్కడే ఉన్నానండి" అన్నాడు బుల్లెబ్బాయి.

ఎవరూ ఆయనవంక చూడలేదు. ఆయన గడప దాటాడు. కాలు వీధిలో పడింది. వెనక్కి తిరిగి చూడబోయి, చూడకూడదేమోనని అనుమానం వచ్చి, మెడ బిగబట్టుకుని టీకొట్టు దాటాడు. టీకొట్టతను కూడా తల వంచుకుని గ్లాసులు కడుక్కున్నాడు. కాకినాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కండక్టరు తనని చూసి టిక్కెట్టు అడిగేదాకా, తాను ఉన్నాడో లేదో బుల్లెబ్బాయికి రూఢిగా తెలియలేదు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి మంగతాయారుని స్ట్రెచరు మీద పడుకోబెట్టి నడవాలోకి తెచ్చేశారు. ఆకుపచ్చ గుడ్డలో ఆవిడ చిన్నపిల్లలా ఉంది. చెవులకి దుద్దులు లేవు, ముక్కుకి పుడక లేదు. అనసూయ అవన్నీ రుమాల్లో మూటకట్టి పట్టుకుని ఉంది. భర్తని చూసి, అన్నారా అని కళ్ళతో అడిగింది. ఆయన తల దించుకున్నాడు. ఆవిడ ఇంకేమీ అడగకుండా పక్కకి జరిగి చోటిచ్చింది.

"వచ్చావురా" అంది మంగతాయారు. "ఎలా ఉందిరా కోట?"

"ఏమో అక్కా. ఏమీ అర్థం కాలేదు."

"మంచి మంచం ఉందంటగా."

"ఉందక్కా."

ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. "సరే, చూశానుగా. ఇంక పో..." అని ఆవిడ ఏదో అనబోయింది. బుల్లెబ్బాయి గబుక్కున ఆవిడ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. స్ట్రెచరు తోస్తున్న మనిషి ఆగి చూశాడు.

"అది కాదక్కా. వస్తానని చెప్పు."

"ఏంట్రా ఇది, అందరి ముందూ."

"చెప్పక్కా. లోపలికి వెళ్ళేముందు, ఆ గుమ్మం దగ్గర, వినపడేటట్టు చెప్పు. నీకు దణ్ణం పెడతాను."

ఆవిడ నవ్వింది. అంత నీరసంలోనూ, చిన్నప్పుడు వీడు మొండికేస్తే నవ్విన నవ్వే అది. స్ట్రెచరు ఆపరేషను గది ముందుకి చేరింది. తలుపులు రెండువైపులా వాటంతటవే తెరుచుకున్నాయి. "వస్తాన్రా తమ్ముడూ" అంది మంగతాయారు గట్టిగా, నడవా అంతా వినపడేటట్టు. చక్రాలు చప్పుడు లేకుండా దొర్లిపోయాయి. తలుపులు మూసుకున్నాయి.

బుల్లెబ్బాయి వంగి తలుపుల కింద చూశాడు. నున్నటి నేల లోపలినుంచి బయటిదాకా ఒకేలా పరుచుకుని ఉంది. మోకాళ్ళమీద కూర్చుని వేళ్ళతో తడిమాడు. అటుగా వెళ్తున్న నర్సు ఏం పడిపోయిందండీ అని అడిగింది.

"దీనికి గడప లేదాండి?"

"లేదండి. గడపుంటే చక్రాలు తగులుతాయి. కట్టేటప్పుడే వద్దన్నారు."

"ఎప్పుడు కట్టారండి?"

"కొత్త బిల్డింగండి. ఇంకా ఏడాదవలేదు" అని నర్సు వెళ్ళిపోయింది.

నడవాలో గోడ పొడుగునా ఇనప కుర్చీలు. కుర్చీల నిండా మనుషులు. కొందరి చేతుల్లో రుమాలు మూటలు, కొందరి చేతుల్లో ఎవరివో కళ్ళజోళ్ళు, చెప్పులు. అందరూ ఆ తలుపులవైపే చూస్తున్నారు. చాలాసేపటినుంచి చూస్తున్నట్టున్నారు. వాళ్ళలో ఎవరికీ తొందర ఉన్నట్టు గాని, ఇది వింతగా తోచినట్టు గాని లేదు. చివర కుర్చీలో ఉన్న ముసలావిడ తన పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, బుల్లెబ్బాయికి చోటు చూపించింది.

"మీవాళ్ళు వెళ్ళేటప్పుడు ఏమన్నారు బాబూ?"

"వస్తానందండి."

"మావాళ్ళూ అదే అన్నారు" అంది ఆవిడ. బుల్లెబ్బాయి ఆవిడ పక్కన కూర్చుని తలుపులవైపు తిరిగాడు.